ఆకుమూటలో కింబాప్

“పనేం లేదు సార్. ఇంట్ల కూసోని బీడీలు జేస్తది, గంతే.”

గుమస్తా అడిగింది సుమనను. జవాబు చెప్పింది ఆమె మొగుడు భూమేష్. నిజామాబాద్ పీఎఫ్ ఆఫీసు కిటికీ ముందు, పొద్దున పదింటికి, నలుగురూ వింటుండగా. ఆ మాట అంటున్నప్పుడు సుమన బొటనవేలు ముద్రల మిషన్ మీదే ఉంది. మిషన్ ఎర్రగా వెలిగి రాలేదంది. కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ రాలేదు. ఇరవై ఒక్క ఏళ్ళు తునికాకు మీద రుద్ది రుద్ది ఆ వేలి మీద గీతలే మిగల్లేదు. ఆ గీతలు ఎక్కడికి పోయాయో మిషన్‌కు తెలియదు, సరే. పక్కనే నిలబడి పనేం లేదంటున్న మనిషికి కూడా తెలియకపోతే ఎట్లా? చివరికి ఉంగరపు వేలితో ఎట్లాగో పని అయింది. కార్డులో తప్పుపడ్డ పుట్టిన సంవత్సరం సరి చేశారు. “అయింది, పా,” అన్నాడు భూమేష్, తానే ఏదో బరువు మోసినట్టు చెమట తుడుచుకుంటూ.

భూమేష్ చెడ్డవాడేం కాదు. బోధన్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మక్కల బస్తాలు, సిమెంటు, ఎవరిల్లు మారితే వాళ్ళ సామాను, ఏది దొరికితే అది వేస్తాడు. కొట్టడు, తాగి రోడ్డు మీద పడిపోడు. ఈ రెండు గుణాలకే వాడకట్టంతా సుమనను అదృష్టవంతురాలంటుంది. ఆమె పని అతని కంటికి ఆనదు, అంతే. పొద్దున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, నల్లా నీళ్ళు పట్టి, వంట చేసి, బట్టలుతికి, అప్పుడు ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ దీపాలు పెట్టే దాకా నడుము ఎత్తడానికుండదు. ఆకు కత్తిరించాలి, తంబాకు నింపాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. రోజుకు వెయ్యి. ఇంత చేసినా అది కూర్చుని చేసే పని కాబట్టి పని కాదు. “కూసునే ఉంటివి గద, జర చాయ్ వెట్టు.” “కూసునే ఉంటివి గద, నా స్క్రూడ్రైవర్ ఏడవడ్డదో చూడు.” ఒకసారి ఆమెకు నూట రెండు జ్వరం వస్తే కూడా అన్నాడు, “జర వండుకో, ఇయ్యాల బీడీలు బంద్ వెట్టు, రెస్ట్ తీస్కో,” అని. వండడం రెస్టులోకే వస్తుందన్నమాట.

ఇంటి సంగతి అది. కార్ఖానాకు పోతే అక్కడ కాశయ్య. కాశయ్యది చాటన్ పని, అంటే కట్ట విప్పి బాగాలేని బీడీలు ఏరి పక్కన పడేయడం. “ఏమమ్మా, కండ్లు ఏడ వెట్టి చేసినవ్?” అంటాడు, వరుసలో ఉన్న ఆడవాళ్ళందరికీ వినబడేలా. అసలు కాశయ్య దాకా పోకముందే ఇంట్లో ఒక చాటన్ అయిపోతుంది. అది అత్త దేవవ్వది. దేవవ్వకు డెబ్బై ఏళ్ళు. తొమ్మిదో ఏట చాట పట్టి, వేళ్ళు వంకరపోయి దారం పట్టలేని దాకా బీడీలు చేసింది. పన్నెండేళ్ళ కింద ఆపేసింది. ఆపిన మర్నాటి నుంచి సాయంత్రం సాయంత్రం కోడలి కట్టలు ముందేసుకుని, ఒక్కో బీడీని వేళ్ళ నడుమ దొర్లించి, నాలుగు పీకి చాటలో పడేస్తుంది. “గిది బీడీయా? గిది బీడీయానే? మళ్ళ చెయ్.” సుమన మళ్ళీ చేస్తుంది. పన్నెండేళ్ళలో ఒక్క రోజు కూడా కట్ట మొత్తం బాగుందని అత్త నోటి నుంచి రాలేదు.

ఈ బతుకులోకి కొరియా ఎట్లా వచ్చిందంటే, ఫోనులో వచ్చింది. బీడీ చుట్టడానికి చేతులు చాలు, కళ్ళతో పెద్దగా పని లేదు. సుమన ఫోనును ఆకుమూటకు ఆనించి పెట్టి, తెలుగులో మాట్లాడే కొరియా సీరియళ్ళు చూస్తుంది. ఆ గల్లీలో సగం మంది ఆడవాళ్ళు చూస్తారు. ఒకనాడు ఏదో సీరియల్‌లో ఒక తల్లి ఇంకా తెల్లవారకముందే లేచి వంటింట్లో దీపం వేసింది. తెల్లవారకముందే లేచినందుకు సుమనకు ఆశ్చర్యం కలగలేదు. ఆ తర్వాత చేసిన పనికి మాత్రం చేతిలో బీడీ ఆగిపోయింది. వెదురుపుల్లల చాప పరిచింది ఆమె. చాప మీద ఒక నల్లటి ఆకు. ఆకు మీద అన్నం పల్చగా, అంచులో వేలెడు జాగా వదిలి. అన్నం మీద క్యారెట్ బద్దలు, ఆకుకూర, పచ్చగా ఇంకేదో. తర్వాత రెండు బొటనవేళ్ళు కిందికి పోయాయి, మిగతా వేళ్ళు పైనుంచి కూరను పట్టుకున్నాయి. ఒక్క మలుపు తిప్పి, ఒక్క నొక్కు నొక్కి, తన వైపు లాగింది. “అమ్మో, మన పనే!” అని సుమన పైకే అంది. వెనక్కి జరిపి మళ్ళీ చూసింది. పది సార్లు చూసి ఉంటుంది. దాన్ని కింబాప్ అంటారని తెలుసుకుంది. అప్పటి నుంచి ఏ సీరియల్‌లో ఎవరు దాన్ని చుట్టినా, కథ వదిలేసి చేతులే చూసేది. ఫలానా ఆమె చెయ్యి బిగువు, ఫలానా ఆమెది వదులు, కోస్తే ఊడిపోతుంది అని ఆమె చెప్పగలదు. హీరోకు హీరోయిన్ దొరికిందా లేదా అడిగితే చెప్పలేదు.

దాన్ని తినాలని ఆమెకు కోరిక పుట్టింది. ఇది చిన్న సంగతి కాదు. కొడుకు అరుణ్ డిచ్‌పల్లిలో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. ఆదివారాలు స్నేహితులతో వచ్చి, బిర్యానీ పొట్లాలు విప్పి పంచుతూ, “మా అమ్మకు గివేం నచ్చయిరా,” అంటాడు ప్రేమగానే. నచ్చవని వాడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నాలుగు ముక్కలుండి ఐదుగురుంటే నాకొద్దు అనడం ఆమెకు అలవాటు, ఆ అలవాటును చూసి పెరిగాడు, అంతే. ఆ ఇంట్లోకి వచ్చాక సుమన ఒక్కతే, మొదటి ముద్ద నుంచి ఆఖరి ముద్ద దాకా, ఎవరికీ తీసిపెట్టకుండా తిన్న వస్తువు ఒక్కటి లేదు. జామపండు కూడా కొరికి ఇవ్వాల్సిందే.

పీఎఫ్ ఆఫీసు నుంచి బయటికొచ్చాక భూమేష్ ఆమెను పెద్ద కిరాణా బజారు ముందు దించాడు. “నూనె ప్యాకెట్ల మీద ఆఫరున్నదట, తీస్కో. నేను ఆటో సామాను చూసొస్త. ఏడికీ పోకు.” ఆమె నూనె తీసుకుంది. బిల్లు వరుస వైపు పోతూ, పక్కనున్న గాజుమూతల ఫ్రీజరులోకి చూసింది. బఠానీలు, పరోటాలు, వాటి పక్కన నల్లటి అంచుల గుండ్రటి ముక్కల బొమ్మ. సుమన నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ వేలెడు ఫోనులో చూసిన మనిషి ఎదురుగా వచ్చి నిలబడినట్టైంది ఆమెకు.

అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చింది. మెడలో సన్నటి సిలువ, చొక్కా మీద లిడియా అని పేరు. పొద్దున్నుంచి నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది.

“కింబాప్ అక్కా. కొరియాదట. మా చర్చి పోరగాండ్లు తీస్కపోతరు. లోపట మాంసమేం లేదు, పచ్చ చుక్క ఉన్నది చూడు.”

“పైన ఆకు?”

“సముద్రంల పెరిగే ఆకట. తినొచ్చు. మీ ఇంట్ల ఓవెన్ ఉన్నదా అక్కా?”

సుమన ధర చూసి చెయ్యి తీసేసింది. తర్వాత మూత మళ్ళీ జరిపి, ప్యాకెట్టు తీసి, నూనె ప్యాకెట్ల కింద పెట్టుకుంది. “ఉన్నది,” అంది. ఓవెన్ లేదు. ఆ అమ్మాయి ముందు లేదనబుద్ధి కాలేదు, ఎందుకో ఆమెకే తెలియదు. బిల్లు కట్టింది. కట్టిన పైసలు బీడీలవి. భూమేష్ వచ్చేసరికి ప్యాకెట్టు సంచి అడుగుకు పోయింది.

ఆటోలో బోధన్ దాకా సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. తొడకు చల్లగా తగులుతోంది. మధ్యాహ్నం అన్నం తిని భూమేష్ మళ్ళీ కిరాయికి పోతాడు. అత్త రెండింటికి నడుము వాలుస్తుంది. ఆ గంటలో తింటాను, మొత్తం నేనే తింటాను అనుకుంది. అనుకోగానే దొంగతనం చేస్తున్నట్టు సంచిని ఇంకా దగ్గరికి లాక్కుంది. మరుక్షణం తన మీద తనకే కోపమొచ్చింది. నా పైసలతో నేను కొనుక్కున్నది తినడానికి అత్త నిద్రపోవాలా? పోవాలి మరి, లేకపోతే ముందు అత్తకు, తర్వాత మొగుడికి, ఆదివారం వచ్చే కొడుకుకు తీసిపెట్టి, చివరికి తనకు ఖాళీ డబ్బా.

ఇల్లు చేరాక ఎక్కడ దాచాలన్నది సమస్య అయింది. ఫ్రిజ్‌లో పెడితే భూమేష్ చల్లనీళ్ళ కోసం తలుపు తీస్తాడు. గిన్నెల కింద పెడితే అత్త. ఆ ఇంట్లో మగవాళ్ళు ఎన్నడూ ముట్టని వస్తువు ఒక్కటే, ఆకుమూట. తునికాకు ఎండితే విరుగుతుంది కాబట్టి తడిబట్టలో చుట్టి, మెత్తబడే దాకా మూలకు పెడతారు. సుమన ప్యాకెట్టు విప్పి లోపలి డబ్బా ముట్టుకు చూసింది. ముక్కలు ముందే కోసి, మళ్ళీ ఒక్క చుట్టలాగే సర్ది పెట్టారు. పైన ఆకు తెల్లటి పొడి పట్టి బిర్రుగా ఉంది. అయ్యో, ఎండిపోయిందే, తింటే విరుగుతుందేమో అనుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళ చేతికి ఆకు కనిపిస్తే ఇంకో ఆలోచన రాదు. డబ్బా మీది ప్లాస్టిక్ ఓ పక్కన చించి, తడిబట్ట కప్పి, ఆకుమూట నడుమ పెట్టి ముడేసింది. దాచినట్టూ అయింది, మెత్తబడ్డట్టూ అవుతుంది. తన తెలివికి తానే మురిసిపోతూ అన్నాలు వడ్డించింది.

ఇంత ఆలోచించిన మనిషి ఒక్కటి మరిచిపోయింది. దేవవ్వ నడుము వాల్చేముందు రోజూ మూటలో చెయ్యి పెట్టి ఆకు తడి చూస్తుంది.

భూమేష్ పోయాడు. సుమన డాబా మీద బట్టలు తీస్తోంది. కింది నుంచి ఒక్క కేక.

“పామే! ఓ సుమనా! ఆకుల పామున్నదే! సల్లగున్నదే!”

పరుగున దిగింది. డెబ్బై ఏళ్ళ దేవవ్వ మంచమెక్కి నిలబడి ఉంది. మూట గడపదాకా విసిరేసింది. ఆకులన్నీ ఇల్లంతా చెల్లాచెదురు, వాటి నడుమ డబ్బాలోంచి సగం బయటికొచ్చి, నల్లగా నిగనిగలాడుతూ కింబాప్. సుమనకు నవ్వాగలేదు. తలుపు పట్టుకుని కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది.

“నగుతున్నవా? నా పానం వోయింది! ఏందే గది?”

“పాము గాదత్తా.”

“మరేంది? సుట్టనా? గంత లావు సుట్ట ఎవలు తాగుతరే!”

“తినేదత్తా. కొరియాది.”

దేవవ్వ మంచం దిగింది. దిగడానికి కొంత సేపు పట్టింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. దొరికిపోయాక ఇక దాచేదేముంది, సుమన నేల మీద కూర్చుని అంతా చెప్పేసింది. బజారు సంగతి, నూనె ప్యాకెట్ల కింద దాచిన సంగతి, ఆకు ఎండిందనుకుని తడిబట్ట చుట్టిన సంగతి.

“మెత్తవడ్డదా?” అంది దేవవ్వ.

“పైన చీకినట్టైంది. నడుమ ఇంకా సల్లగనే ఉన్నది.”

“మరి గదే! పల్చటాకుకు గంత తడి వెడ్తరా? ఆకును జూసి తడి వెట్టాలె. ఇన్నేండ్ల సంది జేస్తున్నవ్, తెల్వదా?”

మొదలైంది, అనుకుంది సుమన. కాని దేవవ్వ తర్వాతి మాట అనలేదు. చివరి ముక్కను విడదీసి వెలుతురు వైపు తిరిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి మెల్లగా నొక్కింది. దొర్లించింది. ఈ వైపు నుంచి చూసింది, ఆ వైపు నుంచి చూసింది. ఆకు అంచు ఎక్కడ అతికిందో గోటితో వెతికింది. రోజూ కోడలి బీడీలను చూసినట్టే చూసింది. సుమన కూడా పక్కకు జరిగి చూడడం మొదలుపెట్టింది. ఏం పనితనం! అన్నం పొర చుట్టూ ఒకే మందం. నడుమ క్యారెట్, పక్కన పాలకూర, అటు పసుపుపచ్చటి ముల్లంగి. ఒక్కటి జాగా తప్పలేదు. ఎక్కడా సందు లేదు. నొక్కితే నొక్కినంత లోపలికి పోయి, వదిలితే మళ్ళీ గుండ్రంగా వస్తోంది. బీడీలో ఒక్క తంబాకే. ఇందులో ఐదారు రకాలు, ఒకటి మెత్తన, ఒకటి గట్టిది, ఒకటి నీళ్ళు వదిలేది. అన్నిటినీ ఒక్క చేత్తో ఒక్క బిగువులో పట్టాలి. ఫోనులో చూసి ఎంత మెచ్చుకున్నా, ఇది ఇంత కష్టమని సుమనకు ఇప్పుడే తెలిసింది. ఎవరమ్మా నువ్వు, అనుకుంది ఆ చుట్టినామెను. ఏ ఊరు తల్లీ నీది?

“ముల్లంగికి పసుపు వెట్టినట్టున్నరు,” అంది దేవవ్వ, పసుపు పండే వేల్పూర్ ఆడబిడ్డ కాబట్టి ఆ రంగు దగ్గర ఆగి. “మిషిన్ జేసిందా? మనిషి జేసిందా?”

“ఏమో అత్తా. గంత పెద్ద కంపెనీ, మిషినే కావచ్చు.”

“కాదు. గీడ సూడు.” ఆకు అంచును గోటితో చూపింది. కొసన అంచు రవ్వంత వంకరగా మడత పడి, మళ్ళీ సరిదిద్దినట్టుంది. “మిషిన్‌కు గీ సోయి ఉండది. జారింది, పిల్ల బొటనేలుతోని దగ్గరికి నూకింది. ఎవలో గని, మంచి సెయ్యే! మస్తు జేసిందే పిల్ల. సక్కటి సెయ్యి.”

అంటూనే దేవవ్వ ఆ ముక్కను విప్పేసింది. ఆకు సాపు చేసి, అన్నం సర్ది, వంకర వేళ్ళతో మళ్ళీ చుట్టింది. దారం పట్టలేని వేళ్ళు, గ్లాసు పట్టలేని వేళ్ళు, ఆకు తగలగానే ఎక్కడికెళ్ళాలో అక్కడికి వెళ్ళాయి. చీకిపోయిన ఆ ఆకు చిరగలేదు కూడా. సుమన నోరు తెరుచుకుని చూసింది. ఎంత చెయ్యి! ఈ చేతి పక్కన తొమ్మిదేళ్ళు కూర్చుని బీడీలు చేసింది తను, ఒక్కనాడు తలెత్తి చూడలేదు. మెచ్చుకోవాలని నోటి దాకా వచ్చింది. కాని దానికంటే ముందు ఇంకోటి వచ్చింది, పన్నెండేళ్ళది.

“ఎవలో ఏందో తెల్వని ఆడామెను చూడంగనే మెచ్చుకుంటివి,” అంది సుమన. “ఇరవై ఒక్క ఏండ్లాయె నేనొచ్చి. ఒక్కనాడన్న నా కట్ట పట్టుకోని, సుమనా, మంచిగ జేసినవ్ అంటివా? గిది బీడీయా, గిది బీడీయా అని పీకి పారేసుడే. ఒక్కనాడన్న అంటివా అత్తా?”

దేవవ్వ చేతిలో ముక్కను డబ్బాలో పెట్టింది. కింద పడ్డ ఆకులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

“నీ కట్టల తప్పేడిదే?” అంది చివరికి, తలెత్తకుండా. “మొదలు రెండేండ్లు ఉండె. తర్వాత ఏడున్నది? నీ సెయ్యి నాకంటే మంచి సెయ్యి.”

“మరి రోజు పీకుతివి?”

“ఏం జెయ్యాలె మరి! ఏళ్ళు వంగినయ్. వంట నువ్వు జేస్తవ్, నీళ్ళు నువ్వు దెస్తవ్. నా కొడుక్కు నాతోని పనేమున్నది? తప్పు దీసుడన్న లేకపోతే నన్ను మూలకు గూసోవెడ్తరు గదా. మంచియే తీసి పారేసిన. రోజు నాలుగు. ఎక్కువ తియ్యలే.”

సుమనకు ఒళ్ళు మండింది. రోజుకు నాలుగు! మంచి బీడీలు! పన్నెండేళ్ళు! ఎన్ని సాయంత్రాలు నడుం పట్టుకుని మళ్ళీ చుట్టింది, ఎన్నిసార్లు కాశయ్య ముందు నిలబడి తన చెయ్యే మంచిది కాదేమో అని భయపడింది. లేచి వంటింట్లోకి పోయి ఇడ్లీ గిన్నెలో నీళ్ళు పోసి, మూత ధన్‌మని వేసింది. పొయ్యి ముందు నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అత్త మీద కోపం, జాలి కాదు, ఒట్టి కోపం. అయినా ఆ ఏడుపు అడుగున ఒక మాట ఉండిపోయింది. నీ సెయ్యి నాకంటే మంచి సెయ్యి. ఇరవై ఒక్క ఏళ్ళకు వచ్చిన మాట. దాన్ని ఇప్పుడు కోపంతో పారేయడానికి కూడా ఆమెకు మనసొప్పలేదు.

ఆవిరి పట్టింది. ఇడ్లీ రేకుల మీద ముక్కలు పేర్చి మూతపెట్టింది. కొద్దిసేపట్లో నువ్వుల నూనె వాసన ఇల్లంతా కమ్ముకుంది. తంబాకు వాసన తప్ప ఇంకోటి నిలవని ఆ ఇంట్లో, ఆ వాసన గడప దాటి వాకిలి దాకా పోయింది. “నువ్వుల నూనెనే!” అంది దేవవ్వ గదిలోంచి, చిన్నపిల్లలా. “మనదే గదనే నూనె!”

సుమన పళ్ళెం తెచ్చి నేల మీద కూర్చుంది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని. అత్తకు రెండు ముక్కలు వేరే గిన్నెలో పెట్టింది. అందులో ఒకటి అత్త తన చేత్తో మళ్ళీ చుట్టినది. మిగతావన్నీ తన పళ్ళెంలోనే ఉంచుకుంది. దేవవ్వ పళ్ళెం వైపు చూసింది, గిన్నె వైపు చూసింది, దాన్నే తన దగ్గరికి జరుపుకుంది.

మొదటి ముక్క మొత్తం నోట్లో పెట్టుకుంది సుమన. ఆకు మెత్తగా కరిగింది, అడుగున ఉప్పటి రుచి, ఆమె ఎన్నడూ చూడని సముద్రానిది కావచ్చు. తర్వాత అన్నం, నువ్వులు. తర్వాత ముల్లంగి కరకరలాడి పులుపూ తీపీ కలిపి విడిచింది. కారం లేదు. అయినా ఏదో తక్కువైందనిపించలేదు. ఒక్కో ముక్కా పూర్తిగా నమిలింది. మరో ముక్క తీసుకునే ముందు ప్రతిసారీ దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. ఇన్ని రకాలు కోసి, వేయించి, పిండి, వరుస పెట్టి, చుట్టి పంపిన ఆమె ఎక్కడో ఒకచోట చేతులు కడుక్కుంటూ ఉంటుంది. ఆమె ఇంట్లో కూడా పనేం చేస్తావని ఎవరైనా అడుగుతారేమో. తను చేసినది బోధన్‌లో ఒక గల్లీలో ఇద్దరు ఆడవాళ్ళు వెలుతురుకు పెట్టి చూశారని ఆమెకు తెలిస్తే బాగుండు అనుకుంది సుమన. ఆమెకు చాలా సంతోషంగా ఉంది. కోపం పోలేదు, సంతోషమూ ఉంది.

“కారం జర ఉంటే ఇంకింత బాగుండు,” అంది దేవవ్వ, వేళ్ళు నాకుతూ.

“మల్ల తప్పు దీస్తున్నవా?”

దేవవ్వ నాలుక కరుచుకుంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. సుమన ఆ నవ్వును ఎక్కువ సేపు సాగనివ్వలేదు. “రేపటి సంది నా కట్టలు ముట్టకు అత్తా. చూడాల్నంటే చూడు. పీకకు.”

“పీకనే,” అంది దేవవ్వ.

సుమన పళ్ళెంలో ఇంకా మూడు ముక్కలున్నాయి. వాకిట్లో ఆటో ఆగింది.

భూమేష్ చెప్పులు విడుస్తూనే ముక్కు ఎగబీల్చాడు. “ఏం జేసిన్రు? మస్తు వాసనొస్తున్నది.” లోపలికొచ్చి చూశాడు. తల్లి ఒక పక్క, భార్య ఒక పక్క, నడుమ నల్లటి ముక్కలు, ఇల్లంతా తునికాకులు. “ఏందిది? నాకేది?”

దేవవ్వ చెయ్యి దానంతట అదే కదిలింది. కొడుకు ఆ మాట అనగానే కదిలే చెయ్యి అది, యాభై ఏళ్ళ అలవాటు. కోడలి పళ్ళెం అంచు పట్టుకుని కొడుకు వైపు జరపబోయింది. సుమన అరచెయ్యి పళ్ళెం మీద పెట్టింది. గట్టిగా కాదు, మామూలుగానే పెట్టింది. దేవవ్వ తన చేతిని చూసుకుని, సిగ్గుపడినట్టు వెనక్కి తీసుకుంది.

“నాకు తియ్యలేదా?” అన్నాడు భూమేష్. కోపమేం లేదు, నిజంగానే అర్థం కాలేదు అతనికి.

సుమన నోట్లో అబద్ధాలు తయారుగా ఉన్నాయి. నీకు నచ్చదని తియ్యలేదు. పాడైంది, నువ్వు తింటే కడుపునొస్తుందని తియ్యలేదు. రేపు ఇంకోటి తెస్తా. ఒక్కోటి నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి. అన్నిటినీ మింగింది.

“తియ్యలే,” అంది. “నాకు తినబుద్ధయింది. తెచ్చుకున్న.”

భూమేష్ తల్లి వైపు చూశాడు. దేవవ్వ గిన్నెలో అంటిన నువ్వులు ఏరుకుంటోంది. భూమేష్ తనకు తెలిసిన మాట ఒక్కటి అన్నాడు.

“సరే. జర చాయ్ వెట్టు. మల్ల పోవాలె.”

సుమన మోకాలు లేచింది. ఎడమ చెయ్యి నేలకు ఆనింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ముద్ద పళ్ళెంలో వదిలేసి, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని ఇట్లా లేచిందో ఆ మోకాలికే తెలుసు. సగం లేచిన మనిషి, మళ్ళీ గోడకు ఆనుకుంది. కాళ్ళు చాపుకుంది. ఒక ముక్క తీసి, వెలుతురుకు పెట్టి చూసి, నోట్లో పెట్టుకుంది. అతను అట్లాగే నిలబడి ఉన్నాడు. ఆమె తొందరపడకుండా నమిలి, మింగి, అప్పుడు అంది.

“ఆగు. తింటున్న.”